బెంజ్ సర్కిల్లో బ్యాట్‌మ్యాన్ గొడవ

నిన్న రాత్రి బెంజ్ సర్కిల్ దగ్గర టీకి ఆగితే, మావాళ్లు మళ్లీ డైరెక్టర్ నోలన్ తీసిన బ్యాట్‌మ్యాన్ సినిమాల్లో మూడోదైన 2012 నాటి ‘ది డార్క్ నైట్ రైజెస్’ మీద పడ్డారు. నడుం విరిగి బావిలాంటి జైల్లో పడ్డ బ్యాట్‌మ్యాన్, పైకెక్కి, అంత కాపలా ఉన్న గోతం సిటీలోకి ఎలా వచ్చాడ్రా అని ఒకడు. “మనోడు తొడ కొడితే రైలు వెనక్కెళ్లింది, అప్పుడు అడగలేదేం బావా?” అని ఇంకొకడు.

అసలు బాధ అది కాదు. రెండో భాగంలో విలన్ జోకర్‌గా చేసిన హీత్ లెడ్జర్, ఆ సినిమా రిలీజ్ కాకముందే 2008లో చనిపోయాడు. మూడో దాంట్లో నోలన్ జోకర్ ఊసే ఎత్తలేదు. ఆ లోటు కోపమంతా పాపం ఇందులో విలన్ బేన్ మీద చూపిస్తున్నాం. సగం ముఖం మాస్క్‌లో ఉన్నా బేన్‌గా టామ్ హార్డీ కళ్లతోనే భయపెట్టాడు, నాకది చాలు.

చివర్లో ఫ్లోరెన్స్ కేఫ్‌లో బ్యాట్‌మ్యాన్ బతికే కనిపించే సీను, వాళ్లింటి పనివాడు ఆల్ఫ్రెడ్ ఊహేనట! నేనొప్పుకోను. ఆ మాటన్నవాడితోనే టీ డబ్బులు కట్టించాం.