నాలుగో కాపీ

సంచికకు ఏదైనా రాయమని మన బ్యాచ్ వాళ్లు ఫోన్ చెయ్యగానే "సోషల్ మేష్టారి గురించి రాస్తాను" అన్నాను. పేరు మాత్రం రాయడం లేదు. ఉన్నన్నాళ్లూ స్టేజీ ఎక్కమంటేనే తప్పించుకున్న మనిషి. ఒడిశాలోని పర్లాకిమిడిలో తెలుగు మీడియం చదివిన మనకి ఆ పేరు వేరే చెప్పాలా?

1985లో మేం తొమ్మిదో తరగతికి వచ్చాం. అప్పటికింకా గజపతి జిల్లా ఏర్పడలేదు, మనది గంజాం జిల్లాయే. ఆ ఏడు ఒడియా మీడియం పిల్లలకి బడి తెరిచిన కొన్నాళ్లకే పుస్తకాలు అందాయి. మాకు రాలేదు. అడిగితే ఇవాళా రేపూ అన్నారు. రథయాత్ర వెళ్లిపోయింది, ఆగస్టు వచ్చేసింది, పుస్తకాల జాడ లేదు. పరీక్షల టెన్షన్ మాకొకటైతే, "ఇప్పటికైనా ఒడియా మీడియంలోకి మారిపోరాదా" అని ఇళ్లల్లో పోరు మరొకటి.

మేష్టారు ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. ఒక సోమవారం పొద్దున్న చంకలో ఒక కాగితాల కట్టతో క్లాసుకొచ్చారు. ఒడియా పుస్తకంలోని చరిత్ర పాఠాన్ని తెలుగులోకి మార్చి, కార్బన్ పేపర్లు పెట్టి నాలుగు కాపీలు రాసుకొచ్చారు. మేం 14 మందిమి. బెంచీకి ఒకటి చొప్పున మూడు కాపీలు మాకిచ్చి, నాలుగోది ఆయన ఉంచుకున్నారు.

కార్బన్ పెట్టి రాసినవాళ్లకి తెలుస్తుంది. పైది ముత్యాల్లా ఉంటుంది. రెండోది ఫరవాలేదు. మూడోది మసక. నాలుగోదానిలో అక్షరాలు అలికేసినట్టుంటాయి, పొల్లులూ సున్నాలూ వెతుక్కోవాలి. చూపు సరిగా ఆనని అమ్మాయి ఒకతె రెండో బెంచీలో ఉండేది. పై కాపీ ఎప్పుడూ ఆ బెంచీకే. మేష్టారు తన కాపీ పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లి, కాగితాన్ని వెలుతురుకి ఎత్తి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, సంవత్సరాలు సరిచూసుకుంటూ పాఠం చెప్పేవారు.

"మేష్టారండీ, మంచిది మీరుంచుకోండి" అన్నాను ఒకరోజు.

"నాకు పాఠం వచ్చురా. రాని వాళ్లకి కదా మంచి కాపీ కావాలి" అన్నారు.

కొన్ని వారాలు పోయాక, ఆ కాగితాల్లో చేతిరాత ఒక్కటి కాదని గమనించాం. మేష్టారిది కుడివైపు వాలిన సన్నరాత. ఒక్కో పేజీలో సగం నుంచి గుండ్రంగా, పెద్దగా, ఒత్తి రాసిన అక్షరాలు. ఇంకో పేజీలో బుద్ధిగా గీత మీద కూర్చున్న పిల్లరాత. సంగతేమిటో పదో తరగతిలో తెలిసింది. నా రాత బాగుంటుందని, ఆదివారాలు సాయానికి రమ్మన్నారు.

రెండు గదుల పెంకుటిల్లు. ముందుగదిలో నవారు మంచం మీద మేష్టారి తల్లిగారు. పక్షవాతంతో ఎడమ పక్క పడిపోయింది. మంచం పక్కనే చాప వేసుకుని అంతా కూర్చునేవారు. మేష్టారు ఒడియాలో ఒక వాక్యం చదివి, క్షణం ఆగి, తెలుగులో చెప్పేవారు. అయిదో తరగతి దాకా చదువుకున్న అమ్మగారు, అంటే మేష్టారి భార్య, రాసేవారు. ఆమెకి కీళ్లనొప్పులు, వేళ్లు బిగుసుకుపోగానే పెద్దమ్మాయి పెన్ను అందుకునేది. చిన్నమ్మాయి కార్బన్‌లు సర్దేది. మధ్యమధ్యలో మేష్టారు లేచి తల్లిని ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తిప్పి, వీపుకి పౌడరు రాసి, వచ్చి ఆగిన వాక్యం దగ్గరే మళ్లీ మొదలుపెట్టేవారు. మాకోసం రాత్రిళ్లు ఇంటిని పక్కన పెట్టేసి కష్టపడుతున్నారని నేను అంతవరకూ అనుకున్నాను. ఆయన ఇంటిని ఎప్పుడూ పక్కన పెట్టలేదు.

ఆ ఇంట్లో నూతినుంచి నీళ్లు తోడి తెచ్చేది ఆయనే, పిండి రుబ్బేదీ ఆయనే. పొద్దున్నే రెండు బిందెలతో వీధిలో వస్తుంటే అరుగుల మీద కూర్చున్నవాళ్లు "మేష్టారూ, ఇంట్లో ఆడవాళ్లు లేరా?" అని వేళాకోళం చేసేవాళ్లు. "ఉన్నారండి, అందుకే తెస్తున్నాను" అని నవ్వి వచ్చేసేవారు. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే సైకిలెక్కి ఇంటికెళ్లి, తల్లికి అన్నం మెత్తగా పిసికి తినిపించి, మళ్లీ బెల్లుకి క్లాసులో ఉండేవారు. ఒక్కనాడు ఆలస్యమైతే ఒట్టు.

మొదటి ఆదివారం నాకూ అక్కడే భోజనం పెట్టారు. అమ్మగారు వంకాయ కూర వడ్డించి, ఉప్పు గిన్నె నా ముందుకి జరిపి "నువ్వు వేసుకో నాయనా" అన్నారు. మేష్టారు ఉప్పు ముట్టలేదు. పప్పూ కూరా చప్పగానే కలుపుకుని తిన్నారు. ఎందుకని నేను దిక్కులు చూస్తుంటే చిన్నమ్మాయి నా చెవిలో "ఆదివారం కదా, అరసవల్లి సూర్యనారాయణమూర్తికి" అంది. అదేం మొక్కో, ఎప్పటి నుంచో ఆయన నోట నేను వినలేదు. శుక్రవారం సాయంత్రాలు అమ్మగారిని సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని పాతపట్నం నీలమణి దుర్గ గుడికి వెళ్లొచ్చేవారు. తెల్లారి బడిలో బొట్టు కూడా ఉండేది కాదు. క్లాసులో దేవుడి మాట ఎత్తగా నాకు గుర్తులేదు.

ఒక్క రథయాత్ర నాడు మాత్రం చూశాను. సన్నగా వాన. జనం. రోడ్డు వార రిక్షా ఆపించి, అందులో తల్లిని ఒళ్లో చేరేసుకుని కూర్చున్నారు. పెద్దమ్మాయి గొడుగు పట్టింది. రథం దగ్గరికి వచ్చేసరికి ఆవిడ తల నిలవడం లేదు. మేష్టారు అరచెయ్యి గడ్డం కింద పెట్టి, మెల్లిగా ఎత్తి, రథం వైపు తిప్పి పట్టుకున్నారు. రథం మలుపు తిరిగేదాకా ఆ చెయ్యి కదల్లేదు. ఆయన కళ్లు మాత్రం రథం మీద లేవు, తల్లి మొహం మీదే ఉన్నాయి.

ప్రతి పాఠం చివరా ఒక పేజీ అదనంగా ఉండేది. పైన 'మన ఊరు' అని రాసి, కింద గీత. పుస్తకంలో లేని సంగతులు. మహేంద్రతనయ వెళ్లి వంశధారలో కలుస్తుందని. అప్పట్లో మనం ఎక్కే చిన్నరైలు 1900లో నౌపడా నుంచి మొదలై, తరవాత గుణుపూరు దాకా వెళ్లిందని. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు మన ఊరు ఇటు వచ్చిందని. గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊళ్లోనే మేష్టారుగా పనిచేస్తూ సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకి వాళ్ల భాషలోనే పాఠాలు రాశారని. ఆ పేజీ చెప్పేటప్పుడు ఆయన గొంతు మారేది. "పుస్తకం లేకపోతే రాసుకోవాలి. ఈ ఊళ్లో అది కొత్త కాదు" అన్నారు. అంతకు మించి లెక్చర్ ఇవ్వలేదు.

అసలు పుస్తకాలు మా తొమ్మిదో తరగతి ముగిసే ముందు వచ్చాయి. పదిలోనూ అదే కథ. 14 మందిమీ పాసయ్యాం. చూపు ఆనని ఆ అమ్మాయికి సోషల్‌లో మా అందరికన్నా ఎక్కువ మార్కులు.

మేష్టారు పోయి మూడేళ్లయింది. సంచికకి ఫొటో కావాలంటే పెద్దమ్మాయిని, అదే అక్కని, అడిగాను. ఇల్లంతా వెతికింది. ఆయన ఒక్కరే ఉన్న ఫొటో ఒక్కటీ దొరకలేదు. చివరికి పంపింది ఇది. నడుమ కుర్చీలో తల్లిగారు, పక్కన అమ్మగారు, ముందు ఇద్దరు ఆడపిల్లలు. మేష్టారు కుడివైపు చివర, ఒక చెయ్యి కుర్చీ వెనక పెట్టి తల్లి భుజాన్ని ఆనించి పట్టుకున్నారు. సగం మొహం నీడలో ఉంది.

ఆయన మొహం వరకు కట్ చేసి పెద్దది చేద్దామా అని డీటీపీ అబ్బాయి అడిగాడు. వద్దన్నాను. మొత్తం ఫొటో అలాగే వెయ్యమన్నాను.