'బొంత' అని పేరు పెట్టుకున్నాం

మా విజయనగరం పల్లెల్లో నేస్తం కట్టుకున్నాక ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోరు. జీవితాంతం 'నేస్తం' అనే పిలుపే. మా ఇద్దరిదీ ఇంటర్‌లో మొదలైన నేస్తరికం. ఆమె బట్టలు కుడుతుంది, నేను పుస్తకాల బైండింగ్ నేర్చుకున్నాను. టైలర్ల దగ్గర మిగిలిపోయే నేతబట్టల ముక్కలను అట్టకు అంటించి, చేత్తో కుట్టిన నోటుపుస్తకాలు, డైరీలు చేసి అమ్మాలనుకున్నాం. పని ఇద్దరికీ చేతికొచ్చినదే. పేరు కుదరడానికే నాలుగు నెలలు పట్టింది.

మొదట 'నేస్తం' అనే అనుకున్నాం. ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో ఏ పేరైనా డబ్బు కట్టకుండా వెతుక్కోవచ్చు, ఉచ్చారణ ప్రకారం వెతికే వీలు కూడా ఉంది. వెతికితే ఆ పేరుకు దగ్గరగా వినిపించేవి ముందే కనిపించాయి. వదిలేశాం.

తర్వాతి పేరు మీద నాకు చాలా మోజు ఉండేది. 'ఖాదీ పుట'. మంచి బట్ట కోసం ప్యాసింజర్ ఎక్కి పొందూరు వెళ్లాం. అక్కడ ఒక ముసలావిడ వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వుతోంది. ఆ సన్నటి పళ్ల మధ్య నుంచి దూది వెన్నలా జారుతుంటే చూస్తూ నిలబడిపోయాను. తిరుగు రైల్లోనే ఈ పేరు తట్టింది. కానీ 'ఖాదీ' అన్న మాట మనిష్టమొచ్చినట్టు వ్యాపారానికి వాడుకునేది కాదని తర్వాత తెలిసింది. అది ఖాదీ, గ్రామీణ పరిశ్రమల కమిషన్ పేరున ట్రేడ్‌మార్క్ అయి ఉంది. 2013లో వచ్చిన నిబంధనల ప్రకారం ఖాదీ మార్క్ లేకుండా బట్టను ఖాదీ అని చెప్పి అమ్మకూడదు. నాకు బాధ వేసింది, కానీ ఆ నిబంధన సరైనదే. మిల్లు బట్టకు ఖాదీ అని పేరు తగిలిస్తే నష్టపోయేది ఆ ముసలావిడే.

అమ్మ పైడితల్లి అమ్మవారి పేరు పెట్టమంది. ఊళ్లో మూడు లాంతర్ల కూడలిలో నిలబడి చూస్తే ఆ పేరున్న బోర్డులు ఎన్ని ఉన్నాయో లెక్క తేలదు. దేవుళ్ల పేర్లు అందరివీ, వాటి మీద ఒక్కరికే హక్కు రావడం కష్టం. అమ్మకు ఆ మాటే చెప్పి, మొదటి పుస్తకం అమ్మవారి గుడిలో పెట్టి తెస్తామని ఒప్పించాం.

ఒకరోజు నేస్తం వాళ్లింట్లో బట్టముక్కలు నేలమీద పరిచి రంగులు జత చేస్తున్నాం. వాళ్ల మామ్మ వచ్చి చూసి, "ఏటే గుంటల్లారా, బొంత కుడతన్నారేటి?" అంది. నేను తల ఎత్తి నేస్తం వైపు చూశాను. ఆమెకు మాత్రం నచ్చలేదు. బొంత అంటే పాతచీరలు, లేమి గుర్తొస్తాయంది. వాళ్లింట్లో బొంతలు కుట్టింది ముచ్చటకు కాదు, దుప్పటి కొనలేక. ఆమె ఆ మాట అన్నాక నేను వారం రోజులు ఆ పేరు ఎత్తలేదు. చివరికి మళ్లీ ఎత్తింది తనే. మామ్మ కుట్టిన బొంత ఒకటి పెట్టెలోంచి తీసి చూపించింది. వంకర లేని కుట్టు, వరసకు వరస. "దీని పేరు పెట్టుకోవడానికి సిగ్గెందుకు నేస్తం" అంది.

మాకు తెలిసిన లాయరుగారు ఒక సంగతి చెప్పారు. బొంతలు అమ్మేవాళ్లు 'బొంత' అన్న ఒక్క మాటనే ట్రేడ్‌మార్క్‌గా అడిగితే ఇవ్వరు, అది ఆ సరుకు పేరే కనుక. మేం అమ్మేది పుస్తకాలు. ట్రేడ్‌మార్క్ కోసం సరుకులను క్లాసులుగా విడదీస్తారు, కాగితం, స్టేషనరీ సామాన్లు 16వ క్లాసులోకి వస్తాయి. అక్కడ ఆ మాట సరుకును వర్ణించదు కాబట్టి అడగవచ్చు. పేరు వెతికేవాళ్లు ముందు తమ సరుకు ఏ క్లాసుదో తెలుసుకోవాలి. మేం అది తెలియక నెల పోగొట్టుకున్నాం.

పేరు కుదిరాక పార్ట్‌నర్‌షిప్ డీడ్ రాసుకున్నాం. స్నేహితుల మధ్య కాగితాలేమిటని ఇరువైపులా పెద్దవాళ్లు నొచ్చుకున్నారు. ఆమె 30,000 పెట్టింది, నేను 12,000. పని నాది ఎక్కువ. డీడ్‌లో వాటాలు రాయకపోతే 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం లాభం చెరిసగం. మేం చెరిసగమే అనుకున్నాం, కానీ నోరు విప్పి అనుకుని, రాసుకున్నాం. ఫర్మ్ తరఫున ఒకరు చేసిన అప్పుకు రెండోవాళ్లు కూడా బాధ్యులే కాబట్టి, 5,000 దాటిన ఏ ఖర్చుకైనా ఇద్దరి సంతకం ఉండాలని రాశాం. విడిపోతే పేరు ఎవరికి ఉంటుందన్న దగ్గర కలం ఆగిపోయింది. ఇద్దరం ఏడ్చాం. ఆ బొంత వాళ్ల మామ్మది, పేరు నేస్తానికే ఉండాలని నేనే రాయించాను. ఫర్మ్‌ను రిజిస్టర్ చేయించడం తప్పనిసరి కాదు. కానీ చేయించకపోతే రావాల్సిన బాకీ కోసం ఫర్మ్ పేరుతో కోర్టుకు వెళ్లలేం. అందుకే చేయించాం.

అసలు టెన్షన్ ఇంగ్లిష్ స్పెల్లింగ్‌తో వచ్చింది. డీడ్‌లో టీ పక్కన హెచ్ ఉంది. పాన్ కార్డుకు దరఖాస్తు నింపినప్పుడు నేను హెచ్ వదిలేశాను. కరెంట్ అకౌంట్ కోసం వెళితే బ్యాంకులో రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, ఇవి రెండు వేర్వేరు పేర్లని వెనక్కి పంపేశారు. పాన్ దిద్దించుకుని మళ్లీ వెళ్లేసరికి మూడు వారాలు గడిచాయి. మొదటి కాగితం నింపేముందే ఇంగ్లిష్‌లో ఎలా రాయాలో ఒక చీటీ మీద రాసుకుని గోడకు అంటించాల్సింది.

చిన్న సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు ఉద్యమ్ రిజిస్ట్రేషన్. దానికి ఒక నెట్ సెంటర్‌లో 1,500 అడిగారు. అది పూర్తిగా ఉచితం, ఆధార్‌తో ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు. ట్రేడ్‌మార్క్‌కు ముందే అది చేయించుకోండి. ఆ సర్టిఫికెట్ ఉంటే చిన్న సంస్థగా ఆన్‌లైన్ దరఖాస్తు ఫీజు ఒక్కో క్లాసుకు 4,500. లేకపోతే మా లాంటి ఫర్మ్‌కు 9,000. జీఎస్టీ గురించి కూడా చాలామంది భయపెట్టారు. మన ఆంధ్రప్రదేశ్ లోపల సరుకు మాత్రమే అమ్మేవాళ్లకు ఏడాదికి 40 లక్షలు దాటితేనే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. వేరే రాష్ట్రాలకు పంపాలంటే లెక్క వేరు, అది ముందే కనుక్కోవాలి.

దసరాకు ముందు నలభై పుస్తకాలు కుట్టాం. మైదా జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపి, అట్టలు రాత్రంతా బరువు కింద ఉంచి ఆరబెట్టాం. సిరిమాను పండగకు ఊరికి వచ్చిన చుట్టాలే సగం కొన్నారు. మొదటి పుస్తకం మాత్రం అమ్మలేదు. మాటిచ్చినట్టే అమ్మవారి గుడిలో పెట్టి తెచ్చాం. అది ఇప్పుడు మామ్మ దగ్గర ఉంది. ఆమెకు చదవడం రాదు. అట్టమీద కుట్టును వేలితో తడిమి చూసి, ఒకచోట దారం వదులయిందని చెప్పింది. నేస్తం ఆ పూటే విప్పి మళ్లీ కుట్టింది.