మా చిన్నోడు ఏ లెక్కలోకీ రాడట

పోయిన నెల పేరెంట్స్ వాట్సాప్ గ్రూప్‌లో ఒక పోస్టర్ వచ్చింది. ఆటిజం మీద రీసెర్చ్ చేస్తున్నాం, పద్దెనిమిది దాటినవాళ్ళు కావాలి, దారి ఖర్చులు మేమే ఇస్తాం అని. అమ్మ అది నాకు ఫార్వర్డ్ చేసి కింద ఒక్క ముక్క పెట్టింది, "పోదామా".

మా తమ్ముడికి 23. ఆటిజం, దాంతోపాటు ఇంటెలెక్చువల్ డిజబిలిటీ, అంటే బుద్ధి ఎదుగుదల తక్కువ, సర్టిఫికెట్ మీద మోడరేట్ అని ఉంటుంది. ఇంట్లో అందరం చిన్నోడు అంటాం, నాకంటే అడుగు పొడుగు ఉంటాడు అది వేరే సంగతి. ఆదివారం పూట ముగ్గురం మెట్టుగూడలో మెట్రో ఎక్కాం. వాడికి మెట్రో అంటే ప్రాణం, నాగోల్ నుంచి రాయదుర్గం దాకా స్టేషన్ల పేర్లన్నీ వరసగా చెప్తాడు, అనౌన్స్‌మెంట్ కంటే ఒక సెకను ముందే చెప్తాడు, చుట్టుపక్కలవాళ్ళు చూస్తారు, మాకు అలవాటైపోయింది.

అక్కడికి వెళ్ళాక ఒక అమ్మాయి చాలా మర్యాదగా కూర్చోబెట్టి ఫైల్ చూసింది. రెండో పేజీలోనే ఆగిపోయింది. "ఆంటీ, సారీ అండీ, ఐక్యూ 70 పైన ఉన్నవాళ్ళనే తీసుకుంటున్నాం, స్కాన్‌లో చాలాసేపు కదలకుండా పడుకోవాలి" అంది. ఐక్యూ అంటే తెలివితేటల టెస్టులో వచ్చే స్కోరు, చిన్నోడిది అంతకంటే తక్కువ. అమ్మకి అర్థం కాలేదు. "ఆటిజం ఉన్నవాళ్ళు కావాలన్నారు కదమ్మా, వీడికి ఉన్నది అదే కదా" అంది. ఆ పిల్ల ముఖం చూస్తే నాకే పాపం అనిపించింది, రూల్ తను పెట్టింది కాదు కదా. తిరుగు ప్రయాణంలో చిన్నోడు మాత్రం ఫుల్ హ్యాపీ, ఒకే రోజు రెండోసారి మెట్రో మరి.

ఆ రాత్రి నిద్ర పట్టక చదవడం మొదలుపెట్టా. ఇది మా ఒక్కళ్ళకే జరిగింది కాదట. 2016లో అచ్చయిన ఆటిజం పరిశోధనల్ని 301 దాకా తీసుకుని, వాటిల్లో పాల్గొన్న లక్ష మందికి పైగా మనుషుల లెక్క తీశారు కొందరు, 2019లో వచ్చింది ఆ పేపర్. ఆటిజం ఉన్నవాళ్ళుగా ఆ స్టడీల్లో చేరినవాళ్ళలో 94 శాతం మందికి ఇంటెలెక్చువల్ డిజబిలిటీ లేదు. మరి బయట సంగతేంటంటే, అమెరికాలో ఎనిమిదేళ్ళ పిల్లల మీద 2020 సంవత్సరానికి తీసిన లెక్కల్లో, ఆటిజం ఉండి ఐక్యూ వివరాలు కూడా తెలిసినవాళ్ళలో దాదాపు 38 శాతం మందికి ఇంటెలెక్చువల్ డిజబిలిటీ కూడా ఉంది. అంటే "ఆటిజం మెదడు ఇలా ఉంటుంది" అని మనం పేపర్లో చదివేదంతా ఎక్కువగా మాట్లాడగలిగి, ఫారం నింపగలిగి, స్కాన్‌లో కదలకుండా పడుకోగలిగేవాళ్ళ మెదడు. స్కాన్ మిషన్ మోతకి మావాడు చెవులు మూసుకుని బయటికి పరిగెత్తుతాడు, నిజమే, నేను కాదనను. కానీ పరిగెత్తేవాడి గురించి తెలుసుకోవడానికి వేరే దారి వెతకాల్సింది ఎవరు?

తమాషా ఏంటంటే మొదలైంది ఇలాంటి పిల్లలతోనే. 1943లో బాల్టిమోర్‌లో లియో కానర్ అనే డాక్టర్ 11 మంది పిల్లల గురించి రాశాడు, అందులో ముగ్గురికి మాటలే రాలేదు. అదే పేపర్లో తల్లిదండ్రులు పెద్దగా ఆప్యాయత చూపించేవాళ్ళు కాదని కూడా రాశాడు. తర్వాత చికాగోలో బ్రూనో బెటెల్‌హైమ్ ఆ మాటని పట్టుకుని అమ్మలదే తప్పన్నంత దూరం తీసుకెళ్ళాడు. 1977లో సుసాన్ ఫోల్‌స్టైన్, మైకేల్ రట్టర్ ఇద్దరూ కలిసి 21 జతల కవలల్ని చూశారు. అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండే, అంటే జన్యువులు కూడా ఒకటే అయిన కవలల జతలు 11 అయితే నాలుగింటిలో ఇద్దరికీ ఆటిజం ఉంది, మామూలు కవలల జతలు పదిలో ఒక్కదాంట్లో కూడా ఇద్దరికీ లేదు. చిన్న స్టడీనే, కానీ ఇది పెంపకం సంగతి కాదు, జన్యువుల సంగతి అనే వైపుకి గాలి మళ్ళింది అక్కడే.

ఇది అమ్మకి చెప్తే కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "1977లోనా? మరి 2005లో మీ పెద్దత్తకి ఎవరూ చెప్పలేదే" అంది. చిన్నోడికి మూడేళ్ళప్పుడు పెద్దత్త అందరి ముందూ అన్న మాట అది, నువ్వు ఉద్యోగమని పోయి పిల్లాణ్ణి ఆయా చేతుల్లో పెట్టావు, మాటలెట్లా వస్తాయి అని. అమ్మ ఆ సంవత్సరమే ఉద్యోగం మానేసింది. మళ్ళీ వెళ్ళలేదు.

జన్యువులంటే గుర్తొచ్చింది, రెండేళ్ళ కింద ఎక్సోమ్ టెస్ట్, అంటే జన్యువుల్లో మార్పులు వెతికే టెస్ట్ చేయించాం. మేనరికమా అని మొదటి ప్రశ్న, మాది కాదు, ఐనా ఆ ప్రశ్న అడగాల్సిందే, ఎందుకంటే తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ ఒకే లోపం వచ్చే జబ్బులు కొన్ని బుద్ధి ఎదుగుదలని దెబ్బతీస్తాయి. బుద్ధి ఎదుగుదలని దెబ్బతీసే ఫ్రాజైల్ ఎక్స్ అనే జన్యు జబ్బు లేదని ముందే తేలింది. చివరికి రిపోర్ట్‌లో ఒక జన్యువు పేరు రాసి పక్కన "అర్థం ఇంకా తేలని మార్పు" అన్నట్టు రాశారు. అంటే ఏంటని రిపోర్ట్ ఇచ్చిన మేడంని అడిగితే, ఈ మార్పు మామూలు మనుషుల్లో కూడా ఉంటుందో లేదో పోల్చి చూడాలి, ఆ పోల్చే డేటాలో ఎక్కువమంది యూరప్ మూలాలవాళ్ళు, మనవాళ్ళు తక్కువ, అందుకే మనకి ఇలాంటి రిపోర్టులు ఎక్కువొస్తాయి అని ఆవిడ ఓపిగ్గా చెప్పారు. అక్కడా అదే కథ అన్నమాట.

సరే ఆ ఐక్యూ సంగతి. 2007లో మాంట్రియల్‌లో ఒక స్టడీ చేశారు, 38 మంది ఆటిజం పిల్లలకి రెండు రకాల టెస్టులు పెట్టారు. ఒకటి మాటలతో ప్రశ్నలుండే మామూలు ఐక్యూ టెస్ట్, ఇంకోటి రావెన్స్ అని బొమ్మల వరసలో ఖాళీలో ఏది సరిపోతుందో చూపించే టెస్ట్, మాట్లాడక్కర్లేదు. రెండోదాంట్లో సగటున 30 పర్సెంటైల్ పాయింట్లు ఎక్కువొచ్చాయి, అంటే వంద మందిలో ఇంకో ముప్ఫై మందిని దాటినట్టు. అదే పిల్లలకి! దీన్ని పట్టుకుని మావాడు దాచిపెట్టిన జీనియస్ అని నేను చెప్పట్లేదు, "వీళ్ళకి ఏదో ఒక స్పెషల్ టాలెంట్ ఉంటదట కదా" అని అడిగే చుట్టాలంటే నాకు ఒళ్ళుమంట. యాభై నోటిస్తే చిల్లర ఎంత రావాలో వాడికి తెలీదు. కానీ వారంలో రోజులెన్ని అంటే పలకలేదని సున్నా వేసిన వాడి ఐక్యూ టెస్ట్ కాగితం, ఆ స్టేషన్ల లిస్ట్ గురించి ఏం చెప్తుంది?

రీసెర్చ్‌కి పనికిరానివాడు ఒకచోట మాత్రం భేషుగ్గా పనికొస్తాడు. సిటీలోనే ఒక క్లినిక్‌కి తీసుకెళ్తే స్టెమ్ సెల్స్ (మూలకణాలు) ఎక్కిస్తాం, మాటలొస్తాయి, ప్యాకేజ్ ఇంత అని లక్షల్లో చెప్పారు. ఐక్యూ ఎంత అని ఒక్కరూ అడగలేదు. దేశంలో వైద్య పరిశోధనల సంగతి చూసే ఐసీఎంఆర్ 2017 గైడ్‌లైన్స్ ప్రకారం రక్తానికి సంబంధించిన జబ్బుల్లాంటి వాటికి తప్ప స్టెమ్ సెల్ అనేది ట్రయల్‌గానే చెయ్యాలి, ట్రయల్ అయితే పేషెంట్ దగ్గర డబ్బు తీసుకోకూడదు. నాన్న అప్పటికే పీఎఫ్ లోన్ కాగితాలు తెచ్చి పెట్టుకున్నాడు. ఎంత బతిమాలి ఆపామో మాకు తెలుసు.

అందరూ అలా ఉన్నారని కాదు. 2018లో ఇన్‌క్లెన్ అనే పరిశోధన సంస్థ తెచ్చిన స్టడీలో దేశంలో ఐదు చోట్ల, మన హైదరాబాద్ కూడా అందులో ఒకటి, దాదాపు నాలుగు వేల మంది రెండు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లల్ని చూశారు. ఆటిజం, బుద్ధి మాంద్యం, వినికిడి, చూపు, ఫిట్స్ ఇలా తొమ్మిది రకాల్లో ఏదో ఒకటి ఎనిమిది మందిలో దాదాపు ఒకరికి ఉందని తేలింది. ఆస్పత్రికి వచ్చినవాళ్ళనే లెక్కపెట్టి ఊరుకోకుండా జనం ఉండేచోటికే పోయారు కాబట్టి ఆ సంఖ్య వచ్చింది. చిన్నోడి సర్టిఫికెట్ కోసం వాడిన ఆటిజం స్కేల్ కూడా మన బోయిన్‌పల్లిలో, బుద్ధి ఎదుగుదల తక్కువున్నవాళ్ళ కోసం ఉన్న జాతీయ సంస్థలో తయారైందే, 40 ప్రశ్నలు, ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు మార్కులు. ఆ సంస్థకి ఇప్పుడు పేరు మారింది కానీ మేమింకా ఎన్‌ఐఎంహెచ్ అనే అంటాం.

పోయిన వారం ఆ రీసెర్చ్ అమ్మాయి ఫోన్ చేసింది. స్కాన్ లేకుండా, ఇంట్లోనే చేతికి వాచీ లాంటిది పెట్టి నిద్ర ఎలా ఉంటుందో రికార్డ్ చేసే చిన్న స్టడీ ఒకటి వాళ్ళ గైడ్‌ని అడుగుతోందట, ఐక్యూ రూల్ లేకుండా. పర్మిషన్ వస్తుందో రాదో, వాచీ మాత్రం రెండు వారాలు ఉంచుకోవాలి, ఆంటీ, చిన్నోడు ఉంచుకుంటాడా అని అడిగింది. అమ్మ వెంటనే కోఠీ పోయి మూడొందలు పెట్టి ఒక వాచీ కొనుక్కొచ్చింది, అలవాటు చేద్దామని. మొదటి రోజు అర నిమిషం. నిన్న పదకొండు నిమిషాలు ఉంచుకున్నాడు. తర్వాత ఎక్కడ పెట్టాడా అని ఇల్లంతా వెతికితే పొద్దున బియ్యం డబ్బాలో దొరికింది.