శ్రీమంతానికి అనంతపురం వచ్చే ముందు లీవు లెక్క

మన వైపు తొలికాన్పు పుట్టింట్లోనే. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ కొలువు చేసే అమ్మాయిని ఏడో నెలలో శ్రీమంతం చేసి అనంతపురం తీసుకొచ్చేస్తారు. లీవు లెక్క తప్పేది అక్కడే. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ తర్వాత ప్రసూతి సెలవు 26 వారాలు. అందులో కాన్పు తేదీకి ముందు వాడుకోగలిగేది 8 వారాలే. ఏడో నెలలో బయల్దేరితే కాన్పుకు ఇంకా పది నుంచి పదమూడు వారాలుంటాయి. మధ్యలో మిగిలిన ఆ రెండు నుంచి ఐదు వారాలకు వర్క్ ఫ్రమ్ హోమ్ ఒప్పుకున్నట్టు మెయిల్ తెప్పించుకోండి. నోటిమాట నమ్ముకుంటే మేనేజర్ మారినప్పుడు పనిచేసి సంపాదించుకున్న ఎర్న్‌డ్ లీవులన్నీ అక్కడే కరిగిపోతాయి. బిడ్డకు జ్వరం వచ్చే రోజుల కోసం దాచుకోవాల్సినవి అవి.

26 వారాలంటే 182 రోజులు. శని, ఆదివారాలు, పండగలు అన్నీ అందులోనే. ముందు 8 వాడేస్తే బిడ్డ పక్కన ఉండేది 18 వారాలు. అందుకే శ్రీమంతం అయ్యాక కొన్నాళ్లు బెంగళూరులోనే ఉండి, ఆలస్యంగా రావడం మేలంటాను. పెద్దవాళ్లకు ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే అర్థం చేసుకుంటారు.

కంపెనీ మారే ఆలోచన ఉంటే ఇంకో అంకె గుర్తుంచుకోవాలి. కాన్పు తేదీకి ముందటి 12 నెలల్లో ఆ సంస్థలో కనీసం 80 రోజులు పనిచేసి ఉంటేనే ఈ సెలవుకు జీతం.

అసలు దెబ్బ తగిలేది ఏటా పనితీరుకు వేసే రేటింగ్‌లో. అప్రైజల్ ఏప్రిల్ నుంచి మార్చి వరకైతే, అక్టోబరులో వెళ్లిన అమ్మాయి ఆరు నెలల పనిని మార్చిలో ఎవరూ గుర్తుపెట్టుకోరు. వెళ్లే వారమే చేసిన రిలీజులు, మూసిన టికెట్లు (పరిష్కరించిన సమస్యలు), క్లయింట్ మెచ్చుకున్న మెయిళ్లు ఒక పేజీలో రాసి మేనేజర్‌కూ హెచ్ఆర్‌కూ పంపాలి. పనిచేసిన నెలలకే రేటింగ్ వేయమని అందులోనే అడగాలి. అడగడంలో తప్పేమీ లేదు.

తిరిగి చేరడానికి ఆరు వారాల ముందే ప్రాజెక్టు అడగండి. లేకపోతే నేరుగా బెంచీ మీదికే, అంటే ప్రాజెక్టు లేకుండా ఖాళీగా కూర్చోవడమే. ఆ ఒత్తిడిలో "మీరే రిజైన్ చేయండి" అంటే సంతకం పెట్టొద్దు. సెలవులో ఉన్నవాళ్లను తీసేయడం చట్టవిరుద్ధం, కానీ మన చేత్తో రాసిన రాజీనామా ఆ రక్షణను పోగొడుతుంది.

ఇంకొకటి, చాలామంది రెజ్యూమెలో ఈ ఆరు నెలలను గ్యాప్ అని రాస్తున్నారు. అది గ్యాప్ కాదు, ఉద్యోగంలో ఉన్న కాలమే. గ్రాట్యుటీకి కూడా ఆ 26 వారాలు సర్వీసు కిందే లెక్క.