ధర లెక్కలో ఇఫ్‌లు విప్పేటప్పుడు: ముందు వరుస, తర్వాతే క్లాసులు

బట్టలు, చెప్పులు, పుస్తకాలు అమ్మే ఒక ఆన్‌లైన్ షాపు ఉందనుకుందాం. ధర లెక్కకట్టే ఫంక్షన్ మొదట్లో పది లైన్లే. హోల్‌సేల్ ఖాతాలు తెరిచారు, ఒక ఇఫ్ (ఫలానా షరతు నిజమైతే ఇలా చేయి అనే కోడ్ వాక్యం) చేరింది. దసరా ఆఫర్‌కి మరొకటి. కూపన్ వచ్చింది, కానీ హోల్‌సేల్‌కి కూపన్ చెల్లదు, కాబట్టి ఇఫ్‌లో ఇఫ్. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారాయి, అన్ని కొమ్మల్లోనూ తేదీ చూసే ఇఫ్ వచ్చి కూర్చుంది. ఇప్పుడు ఎవరూ ముట్టుకోరు.

ఇలాంటి కోడ్ చూడగానే చాలామంది ప్రతి ఇఫ్‌నీ ఒక క్లాసుగా (డేటానీ దాని పనుల్నీ కలిపి ఉంచే కోడ్ ముక్కగా) మార్చేస్తారు. దాంతో ‘దసరా హోల్‌సేల్ చొక్కా ధర’ లాంటి పేర్లతో క్లాసులు పుట్టుకొస్తాయి. నాలుగు రకాల సరుకు, రెండు రకాల ఖాతాలు, మూడు ఆఫర్లు ఉంటే 24 క్లాసులు. ఇంకో ఆఫర్ చేరిస్తే 32. ఆ గుట్ట కన్నా పాత ఇఫ్‌లే నయం, కనీసం ఒకే ఫైల్లో ఉండేవి.

ధర కోడ్‌లో ప్రమాదమంతా ఏది ముందు, ఏది వెనక అన్నదాంట్లో ఉంది. రెడీమేడ్ దుస్తులకు ఇప్పుడు ఒక్కో పీసు విలువ 2,500 రూపాయల వరకు 5 శాతం, దాటితే 18 శాతం జీఎస్టీ. పన్ను కలపని ధర 3,100 ఉన్న షేర్వానీ మీద 15 శాతం ఆఫర్, 150 రూపాయల కూపన్ ఉన్నాయనుకోండి. శాతం ముందు తీస్తే 2,635, కూపన్ పోగా 2,485. పన్ను 5 శాతం, బిల్లు 2,609.25. కూపన్ ముందు తీస్తే 2,950, దాని మీద 15 శాతం పోగా 2,507.50. పన్ను 18 శాతం, బిల్లు 2,958.85. రెండు లైన్లు అటూ ఇటూ అయితే 349.60 తేడా. పాత కోడ్‌లో ఈ వరుస ఎక్కడా రాసి ఉండదు, ఇఫ్‌ల ఇండెంటేషన్‌లో దాక్కుని ఉంటుంది. దాన్ని బయటికి తీసి కళ్లకు కనబడేలా పెట్టడమే రీఫ్యాక్టరింగ్‌లో, అంటే జవాబు మారకుండా కోడ్‌ని చక్కదిద్దడంలో, అసలు పని.

ముందు టెస్టులు. ఇక్కడ సరైన ధర ఎంత అన్నది ప్రశ్న కాదు. ఇవాళ్టి కోడ్ ఎంత చెబుతోందో దాన్ని అలాగే పట్టి ఉంచాలి. సరుకు రకం, ఖాతా రకం, ఆఫర్, కూపన్, తేదీ అన్నీ లూపుల్లో తిప్పి, పాత ఫంక్షన్ ఇచ్చే జవాబుల్ని ఒక ఫైల్లో దాచండి. ధరల్లో అంచులు తప్పనిసరి: 2,499.99, 2,500, 2,500.01. పాత తేదీలకు 1,000 చుట్టూ కూడా, ఎందుకంటే అప్పట్లో దుస్తులకు హద్దు అదే, రేట్లు 5, 12. పాత కోడ్‌లో తప్పు కనబడితే ఆ రోజే దిద్దకండి. తప్పుతో సహా టెస్టులో పెట్టి, తర్వాత విడిగా వేరే కమిట్‌లో (కోడ్ చరిత్రలో విడిగా నమోదయ్యే మార్పులో) సరిచేయండి. రెండూ కలిపేస్తే తేడా ఎందుకొచ్చిందో ఎవరికీ తేలదు.

ఆ టెస్టులు నడవాలంటే ఫంక్షన్ లోపల ‘ఈ రోజు తేదీ’ అడిగే పిలుపు పోవాలి. తేదీ బయటి నుంచి రావాలి. టెస్టు కోసమే కాదు, సెప్టెంబరు మొదట్లో కొన్న చొక్కా అక్టోబరులో తిరిగొస్తే క్రెడిట్ నోట్‌లో అమ్మిన నాటి రేటే పడాలి.

ఇప్పుడు విభజన. ఫంక్షన్‌ని మూడు ప్రశ్నలుగా చీల్చండి: అసలు ధర ఎంత, తగ్గింపులు పోగా ఎంత, పన్ను ఎంత. ఇంకా క్లాసులేవీ వద్దు, మూడు మామూలు ఫంక్షన్లు చాలు. సగం గందరగోళం ఇక్కడే తీరిపోతుంది.

తగ్గింపులకు స్ట్రాటజీ, అంటే ఒక్కో లెక్క పద్ధతిని మార్చుకోగల విడి వస్తువుగా రాసే డిజైన్ పద్ధతి, సరిగ్గా సరిపోతుంది. ఒక ఇంటర్‌ఫేస్, ఒకే మెథడ్: బిల్లు లైను తీసుకుని కొత్త లైను తిరిగి ఇస్తుంది, ఎంత తగ్గించిందో, ఎందుకో దానికి జత చేస్తుంది. పాత లైనుని మార్చకూడదు. ‘ఎందుకో’ అన్నది అలంకారం కాదు, కస్టమర్ ఫోన్ చేసినప్పుడు సపోర్టువాళ్లు చూసేది అదే. ఆ రూల్స్‌ని ఒక లిస్టులో పెట్టండి. మామూలు ఖాతాకి ఇలా:

[ఎక్కువ_తగ్గేది(దసరా, క్లియరెన్స్), కూపన్]

వరుస మొత్తం ఈ ఒక్క లైనులో ఉంది. మొదటిది కాంపోజిట్: తనూ ఒక రూలే, లోపలి రెండింటినీ నడిపి ఎక్కువ తగ్గించినదాన్ని ఉంచుతుంది. ‘రెండు ఆఫర్లు కలిపి వర్తించవు’ అనే షరతు ఇఫ్ లేకుండా ఇలా తీరుతుంది. హోల్‌సేల్‌కి కూపన్ చెల్లదన్న షరతుని కూపన్ రూల్‌లో రాయకండి. ఖాతాని బట్టి వేరే లిస్టు ఇవ్వండి, హోల్‌సేల్ లిస్టులో కూపనే ఉండదు. ఒక రూల్ ఇంకో రూల్ ఏం చేసిందో తొంగి చూడటం మొదలుపెడితే పాత ఇఫ్‌లు దొడ్డిదారిన వచ్చేసినట్టే.

ఈ పనికి చాలామంది డెకరేటర్ (ఒక వస్తువు చుట్టూ ఇంకోటి చుట్టి దాని పని పెంచే పద్ధతి) వాడతారు. నాకు నచ్చదు. ఒకదానిలో ఒకటి చుట్టుకున్న వస్తువుల్లో వరుస లోపలి నుంచి బయటికి చదవాలి, డీబగ్గర్‌లో ఐదు పొరలు దిగాలి. లిస్టయితే ప్రింట్ చేసి చూసుకోవచ్చు. రూల్స్‌కి 10, 20, 15 అని ప్రాధాన్య సంఖ్యలు ఇచ్చే పద్ధతీ అంతే: వరుస పది ఫైళ్లలోకి చెదిరిపోతుంది.

కూపన్ బిల్లు మొత్తానికి వర్తిస్తే ఒక మెలిక ఉంది. పన్ను హద్దు పీసుకి కాబట్టి, కూపన్ మొత్తాన్ని లైన్ల ధరల నిష్పత్తిలో పంచి, ఆ తర్వాతే పన్ను వేయాలి. 2,600 చొప్పున రెండు చొక్కాల మీద 500 కూపన్ అంటే ఒక్కోటి 2,350, పన్ను మొత్తం 235. పంచకుండా పన్ను వేశాక తీసేస్తే పన్ను 936. పంచేటప్పుడు మిగిలే పైసలు చివరి లైనుకి వేయండి: 100ని మూడుగా పంచితే 33.33, 33.33, 33.34. బ్యాంకు కార్డు ఆఫర్లని మాత్రం ఈ లిస్టులోకి రానివ్వకండి. ఆ డబ్బు బ్యాంకు కడుతుంది, అమ్మకందారుకి పూర్తి విలువ అందుతుంది, పన్ను వేసే విలువ తగ్గదు. దాని చోటు చెల్లింపుల కోడ్.

పన్నుకి పాలీమార్ఫిజం (ఒకే పిలుపుకి ఒక్కో క్లాసు తన పద్ధతిలో జవాబివ్వడం) కావాలి, కానీ సరుకుకొక క్లాసు అక్కర్లేదు. మూడు చాలు: హద్దు ఉన్న రేటు, ఒకే రేటు, పన్ను లేనిది. దుస్తులు, చెప్పులు మొదటి రకం. ఇప్పుడు రెండింటి అంకెలూ ఒకటే. మామూలు నేత చీర గుడ్డ కిందికి వస్తుంది కాబట్టి ధర ఎంతైనా 5 శాతం. అచ్చు పుస్తకాలకు పన్ను లేదు. హద్దు, రేట్లు, అమల్లోకి వచ్చిన తేదీ ఒక టేబుల్‌లో ఉంటాయి, ఫ్యాక్టరీ అనే ఫంక్షన్ సరుకు రకాన్నీ తేదీనీ చూసి సరైన పన్ను క్లాసు వస్తువు కట్టి ఇస్తుంది. రేపు రేటు మారితే టేబుల్‌లో ఒక అడ్డు వరుస చేరుతుంది, కోడ్ కదలదు. టేబుల్‌లో లేని సరుకు వస్తే సున్నా శాతమో 18 శాతమో ఊహించకుండా ఎర్రర్ ఇవ్వాలి.

హద్దు ఉన్న క్లాసులో అసలు చిక్కు పన్ను కలిపిన ధరలతో. ఎమ్మార్పీలో పన్నులు కలిసే ఉంటాయి, కానీ 2,500 హద్దు పన్ను కలపని విలువకి. 2,500 మీద 5 శాతం కలిపితే 2,625. కలిపిన ధరనే 2,500తో పోల్చే ఇఫ్ రాస్తే 2,600 చొక్కాకి 18 శాతం పడుతుంది, అది తప్పు. ఇక 2,800 చూడండి. 5 శాతం అనుకుని వెనక్కి లెక్కిస్తే విలువ 2,666.67, హద్దు దాటింది. 18 శాతం అనుకుంటే 2,372.88, హద్దు లోపలే. ఏ రేటూ కుదరదు. 2,625 దాటి 2,950 వరకు ఉన్న ధరలన్నీ ఇంతే. 3,500 మీద 20 శాతం ఆఫర్ పెడితే సరిగ్గా ఇక్కడే పడతారు. క్లాసు ఏదో ఒక రేటు ఎంచుకోకుండా ‘ఈ ధర కుదరదు’ అని చెప్పాలి. ధర జరపడం వ్యాపారం చూసేవాళ్ల పని. కొత్త కోడ్‌లో ఇది ఒకే చోట, ఒక పేరున్న ఎర్రర్‌గా ఉంటుంది.

రాష్ట్రం రేటుని మార్చదు, కాబట్టి ఆ క్లాసులోకి రాకూడదు. హైదరాబాద్ గోడౌన్ నుంచి వరంగల్‌కి వెళ్తే సీజీఎస్టీ (కేంద్రం వాటా), ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) సగం సగం, వేరే రాష్ట్రంలోని విజయవాడకి ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాల పన్ను). ఇది చివరి అడుగు, విడి ఫంక్షన్. 999 మీద 5 శాతం 49.95, సగం 24.975. రెండు సగాల్నీ విడివిడిగా రౌండ్ చేస్తే 24.98 చొప్పున 49.96 అవుతుంది. ఒక సగాన్ని రౌండ్ చేసి రెండోదానికీ అదే వాడాలా, మొత్తాన్ని ముందే సరి సంఖ్య పైసలకు తేవాలా అన్నది మీ అకౌంటెంట్‌ని అడిగి ఒకచోట రాయండి. డబ్బుకి ఫ్లోట్ (దశాంశాల్ని ఉజ్జాయింపుగా దాచే సంఖ్యా రకం) వాడకండి, పైసల్లో పూర్ణాంకాలో డెసిమల్ రకమో వాడండి. పైథాన్‌లో రౌండ్ 2.5ని 2 చేస్తుందని గుర్తుంచుకోండి, 3 కాదు.

పాత ఫంక్షన్ నకలు ఒకటి పక్కన ఉంచుకుని, మార్పిడి ఒక్కో కొమ్మగా చేయండి: కొత్త రూల్ రాసి, పాత ఇఫ్‌ని తీసేసి, టెస్టులు నడిపి, కమిట్. చివర్లో కొన్నాళ్లు పాత, కొత్త రెండు లెక్కలూ పక్కపక్కనే నడవాలి. కస్టమర్‌కి పాతదే చూపించి, తేడా వచ్చిన బిల్లుల్ని మాత్రం లాగ్ చేయండి. అందులో పండగ ఆఫర్ ఉన్న వారం ఒక్కటైనా పడేలా చూసుకోండి, మామూలు రోజుల్లో సగం రూల్స్ అసలు మేల్కోవు.