పండ్ల చార్టు, మూడో విడత: ముందు నునుపు, తర్వాతే పేర్పు

ఒక్కో పండుకు ఒక రంగు పొర చొప్పున, పొర మీద పొర పేర్చే చార్టు ఇది. పట్టికలో 5 పండ్లు, 24 నెలలు. అరటి, జామ, బత్తాయి అన్ని నెలల్లోనూ ఉన్నాయి. మామిడి ఏప్రిల్ నుంచి జూన్ దాకా, సీతాఫలం సెప్టెంబరు నుంచి నవంబరు దాకా; మిగతా నెలల్లో ఈ రెండూ సున్నా. చార్టును చెడగొట్టేది ఈ సున్నాలే.

గత విడతలో పొరలను పేర్చాక అంచులకు వంపు ఇచ్చాం. ఆ వరుస తప్పు. పై అంచు, కింది అంచు దేనికది తిరగడంతో, ఏప్రిల్‌లో లేవబోయే మామిడి పై అంచు ఫిబ్రవరి, మార్చి మధ్యలో కింది అంచు కంటే దిగిపోయి, సీజన్ రాకముందే సన్నని చీలికగా కనిపిస్తోంది. బ్రౌజర్‌లో చార్టులు గీసే డీ3 లైబ్రరీలో, గీతను అసలు విలువలు దాటనివ్వని కర్వ్‌మోనోటోన్‌ఎక్స్ వంపు పెట్టినా తప్పదు, అదీ పేర్చిన అంచుల మీదే పనిచేస్తుంది. అందుకే ఇప్పుడు ఏ పొరకా పొరను పైథాన్‌లో నునుపు చేసి, ఆ తర్వాత పేరుస్తున్నాం.

పైథాన్ గణిత లైబ్రరీ సైపైలోని క్యూబిక్‌స్ప్లైన్ (బిందువులను నున్నని వంపుతో కలిపే పద్ధతి) పనికిరాలేదు: జూన్ నుంచి జారిన మామిడి గీత జులై, ఆగస్టు మధ్య సున్నా కిందికి వెళ్తుంది. సున్నా కింది భాగాన్ని క్లిప్‌తో కత్తిరిస్తే అక్కడ మూల తేలుతుంది. సైపైలోనే ఉన్న, పక్క విలువలను దాటిపోని పీచిప్‌ఇంటర్‌పోలేటర్‌లో (ఇకపై పీచిప్) ఆ బెడద లేదు; వరుసగా రెండు సున్నాలుంటే మధ్యలోనూ సున్నాయే. 24 నెలల మధ్య ఉన్న 23 ఖాళీల్లో ఒక్కోదాన్ని 20 భాగాలు చేసి 461 బిందువులు తీసుకోండి (23 × 20 + 1). అప్పుడు అసలు విలువలన్నీ గ్రిడ్ మీదే పడతాయి, శిఖరం తెగదు.

పీచిప్ వంపు కాస్త మెట్లుమెట్లుగా ఉంటుంది. దాని మీద గాసియన్ ఫిల్టర్ (ప్రతి బిందువునూ చుట్టుపక్కల వాటితో సగటు చేసేది), సిగ్మా (ఆ సగటు వెడల్పు) 5, మోడ్ 'నియరెస్ట్' (చివర్లలో చివరి విలువనే కొనసాగించేది). ఫిల్టర్ 4 సిగ్మాల దగ్గర ఆగుతుంది, అంటే 20 బిందువులు: మామిడి పీచిప్ గీత నుంచి ఒక నెల దూరం మించి చిమ్మదు. సిగ్మా 20 పెడితే చూడ్డానికి హాయిగానే ఉంటుంది గానీ, సీజన్ అబద్ధమవుతుంది.

శాతాల చార్టయితే పీచిప్ తర్వాత పొరల మొత్తం సరిగ్గా 100 రాదు. ప్రతి బిందువునూ మొత్తంతో మళ్లీ భాగించి 100తో గుణించాలి.

మ్యాట్‌ప్లాట్‌లిబ్ (పైథాన్ చార్టుల లైబ్రరీ) పొరలు పేర్చే స్టాక్‌ప్లాట్‌లో అరటి అడుగున, సీజన్ పండ్లు పైన. బేస్‌లైన్ (పొరలు మొదలయ్యే అడుగు గీత) 'జీరో'. అడుగు గీతనూ ఊపే 'విగిల్' ఏటి పాయలా అందంగా ఉంటుంది, కానీ అరటి ఎంతో అక్షం మీద చదవలేం. పొరల మధ్య తెల్ల గీత వద్దు, మామిడి లేని నెలల్లోనూ అది గీసుకుపోతుంది, అందుకే లైన్‌విడ్త్ (గీత మందం) 0.

పేర్లు లెజెండ్‌లో (పక్కనుండే రంగుల సూచికలో) కాకుండా ప్రతి పొర అత్యంత మందంగా ఉన్న చోట పెట్టాం. మ్యాట్‌ప్లాట్‌లిబ్ పీఎన్‌జీలో 'బత్తాయి' ఒత్తు విడిపోయింది. ఎస్‌వీజీగా (గీతలను, అక్షరాలను కోడ్‌గా దాచే బొమ్మగా), ఫాంట్‌టైప్ 'నన్'తో (అక్షరాలను గీతలుగా మార్చకుండా) సేవ్ చేస్తే అక్షరాలను బ్రౌజరే కూరుస్తుంది, ఒత్తు సరిగ్గా పడుతుంది.