మనఃప్రసాదం కూడా తపస్సే

ఉపవాసం ఉన్న రోజున ఇంట్లోవాళ్లు మనతో మాట్లాడటానికి జంకుతున్నారంటే, మనం చేస్తున్నది సగం తపస్సు మాత్రమే. తెల్లవారుజామున స్నానం, నియమం తప్పని జపం, అక్షరదోషం లేని పారాయణ అన్నీ సక్రమంగా జరుగుతాయి. కాని పూజగది గడప దాటగానే పిల్లల మీద విసుగు, పని ఆలస్యమైందని చిరాకు, తన కష్టాన్ని ఎవరూ గుర్తించడం లేదన్న నిష్ఠూరం మొదలవుతాయి. శరీరంతో చేసే నియమాలను ఇంత పట్టుదలగా పాటించేవారు మనసుతో చేయవలసిన నియమాన్ని అసలు లెక్కలోకే తీసుకోకపోవడం నన్ను చాలాకాలంగా బాధిస్తోంది.

మనఃప్రసాదః సౌమ్యత్వం మౌనమాత్మవినిగ్రహః
భావసంశుద్ధిరిత్యేతత్తపో మానసముచ్యతే

గీత 17వ అధ్యాయంలోని ఈ 16వ శ్లోకం మనలో చాలామందికి కంఠస్థమే. మౌనం తపస్సంటే, ఆత్మనిగ్రహం తపస్సంటే వెంటనే తల ఊపుతాం. మనఃప్రసాదాన్ని, అంటే మనసు ప్రసన్నంగా ఉండటాన్ని మాత్రం ఇబ్బందులన్నీ తీరాక దక్కే సుఖంగా భావిస్తాం. స్వామి దానిని సాధనగానే చెప్పాడు, అందులోనూ అన్నిటికంటే ముందు చెప్పాడు. అన్నీ అనుకూలించిన రోజున నవ్వుతూ ఉండటంలో తపించవలసింది ఏముంటుంది? జీతం చేతికి అందని నెలలో, మోకాళ్ల నొప్పితో తెల్లవారిన రోజున, చేయని తప్పుకు మాట పడిన సాయంత్రం, ఆ మనసును కలత నుంచి మళ్లీ తేటకు తెచ్చుకోవడమే ఈ శ్లోకం మనకు అప్పగించిన పని.

ఈ శ్లోకాన్ని చదివినప్పుడల్లా నాకు 18వ అధ్యాయంలోని 35వ శ్లోకం తోడుగా గుర్తుకు వస్తుంది. నిద్రను, భయాన్ని, శోకాన్ని, విషాదాన్ని, మదాన్ని విడిచిపెట్టనివ్వని ధృతి, అంటే పట్టి నిలబెట్టే శక్తి, తామసమైనదని స్వామి అక్కడ అంటాడు. ఎంత నిశితమైన మాట! విషాదాన్ని పట్టుకుని ఉండటానికి కూడా ధృతి కావాలన్నమాట. నిన్న ఎవరో అన్న మాట ఈ పూట వరకు మనసులో పచ్చిగా ఉండాలంటే దానిని మనమే పదేపదే తలుచుకోవాలి, అప్పుడు చెప్పలేకపోయిన జవాబులను ఇప్పుడు అల్లుకోవాలి, ఆ మనిషి పాత తప్పులను కూడా వెతికి తెచ్చి దానికి జోడించాలి. జపమాల తిప్పుతున్నప్పుడు నాలుగు నామాలకే చెదిరిపోయే మనసు ఆ పనిలో గంటలకొద్దీ చెదరదు. మనసు నిలవడం లేదని వాపోయేవారు ఒకసారి ఇది గమనించాలి. నిలబెట్టే శక్తి మన దగ్గర పుష్కలంగా ఉంది. దానిని ఎక్కడ ఖర్చు చేస్తున్నామన్నదే ప్రశ్న. అంతకు రెండు శ్లోకాల ముందే సాత్త్వికమైన ధృతిని చెప్పినప్పుడు, మనసును, ప్రాణాన్ని, ఇంద్రియాలను యోగంతో నిలబెట్టేది అదేనన్నాడు స్వామి.

మా అమ్మ మంచాన ఉన్న రోజుల్లో రాత్రిపూట చాలాసార్లు లేవవలసి వచ్చేది. పిలుపు వినగానే ముందు విసుగే వచ్చేది, అది సహజం. ఆమె మంచం దగ్గరకు నడిచే ఆ కాసేపట్లో 'మనఃప్రసాదః' అన్న ఒక్క మాట లోలోపల అనుకుంటూ వెళ్లేవాణ్ణి. నిద్రలేమి తగ్గలేదు, పని తగ్గలేదు. కాని "నిద్ర చెడగొట్టాను కదా నాయనా" అని ఆమె నొచ్చుకోవడం క్రమంగా తగ్గిపోయింది. ఆ తపస్సు ఫలం ముందుగా చేరింది ఆమెకే.

అయితే లోపల కుములుతూ పైకి నవ్వు పులుముకోవడాన్ని మనఃప్రసాదం అనుకోకూడదు. నలుగురి మెప్పు కోసం, దంభంతో చేసే తపస్సు రాజసమని, మూర్ఖపు పట్టుతో తనను తాను పీడించుకునేది తామసమని అదే 17వ అధ్యాయం స్పష్టంగా చెబుతోంది. ఏడుపు వస్తే ఏడవవచ్చు. పంపా తీరంలో శ్రీరాముడంతటివాడు సీతమ్మ కోసం విలపించాడు. ఉత్సాహాన్ని మించిన బలం లేదని లక్ష్మణుడు అక్కడ చెప్పగలిగాడంటే, అన్నగారితో పాటు అడవి కష్టాలన్నీ పడ్డవాడు కనుక ఆ మాట ఆయన నోట చెల్లింది. మరణం సంభవించిన ఇంటికి వెళ్లి ధైర్యంగా ఉండమని శ్లోకాలు వల్లించేవారు దయచేసి ముందు ఆ ఇంటి పనిలో ఒక చెయ్యి వేయండి. ఈ శ్లోకాన్ని ఎదుటివారి దుఃఖం మీద ప్రయోగించకండి, మీ చిరాకు మీద ప్రయోగించండి.

ఈసారి వ్రతానికో ఉపవాసానికో సంకల్పం చెప్పుకునేటప్పుడు, ఆ పూటంతా ఇంట్లో ఎవరినీ కసరనని కూడా మనసులో చేర్చుకోండి. మధ్యలో మాట జారితే ఆ మనిషి దగ్గరకు వెళ్లి నెమ్మదిగా మాట్లాడి, మళ్లీ అక్కడి నుంచే కొనసాగించండి.